ఒక చిన్న ఏరు, డెబ్బై మరలు

ఎడిన్‌బరా చూడబోయిన మనవాళ్ళు కోట ఎక్కుతారు, రాయల్ మైల్ పొడుగునా నడుస్తారు, ఆర్థర్స్ సీట్ గుట్ట మీద ఫొటోలు దిగుతారు. ఆ ఊరికి వందల ఏళ్ళు పిండి ఆడించి, ఉన్నిబట్ట దట్టం చేసి, కాగితం తయారుచేసి పెట్టిన ఏరు మాత్రం చాలామంది కంటపడదు. అది ఊరి నడిమధ్యనే, చెట్ల మాటున, లోతైన లోయలో పారుతూ ఉంటుంది. పేరు వాటర్ ఆఫ్ లీత్. పెంట్లాండ్ కొండల్లో పుట్టి దాదాపు 35 కిలోమీటర్లు పారి, లీత్ రేవు దగ్గర ఫోర్త్ సముద్రపాయలో కలుస్తుంది. పెద్ద నది కానే కాదు. అయినా పరిశ్రమ జోరుగా సాగిన రోజుల్లో దీని ఒడ్డున 70కి పైగా మరలు తిరిగాయి.

ఇప్పుడు ఆ మరల్లో చాలావాటి గోడలు కూడా లేవు. ఉన్నవాటిలో కొన్ని ఫ్లాట్లయ్యాయి. కానీ నగరం మ్యాపు తెరిస్తే కానన్‌మిల్స్, సిల్వర్‌మిల్స్, పౌడర్‌హాల్, మిల్లర్ రో, వెస్ట్ మిల్ రోడ్, కేట్స్‌మిల్ రోడ్... అడుగడుగునా ఆ పేర్లే. రాజుల పేర్లు, సేనాపతుల పేర్లు వీధులకు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ మాత్రం పిండి, కాగితం, తోలు, తుపాకి మందు వీధుల పేర్లయి కూర్చున్నాయి. కష్టజీవుల చరిత్ర ఇంత పచ్చిగా మ్యాపు మీద మిగలడం అరుదు. అయితే ఆ పేర్లు అందరినీ సమానంగా గుర్తుపెట్టుకోలేదు. ఎవరిని ఉంచుకున్నాయో, ఎవరిని వదిలేశాయో కూడా చూడాలి.

ఒకే నీరు, ఎన్నో చక్రాలు

ఏరు పుట్టే చోటి గుట్టను మిల్‌స్టోన్ రిగ్ అంటారు. తిరగలి రాళ్ళ గట్టు అన్నమాట. మొదటి చుక్క దగ్గరే మర పేరు ఎదురవుతుంది. అక్కడి నుంచి బలర్నో, కరీ, జునిపర్ గ్రీన్, కోలింటన్, స్లేట్‌ఫర్డ్ ఊళ్ళ మీదుగా ఏరు గబగబా కిందికి దిగుతుంది. ఆ దిగుడే దాని సంపద. నీళ్ళు తక్కువైనా వాలు ఉంటే చక్రం తిరుగుతుంది.

పని తీరు ఇలా ఉండేది. ఏటికి అడ్డంగా రాళ్ళతో ఓ కట్ట వేస్తారు. కట్ట పక్కన తూము. తూములోంచి మళ్ళించిన నీళ్ళు ఏటికి సమాంతరంగా ఒక కాలువలో పోతాయి. దీన్ని అక్కడివాళ్ళు 'లేడ్' అంటారు. ఏరు పల్లానికి పోతుంటే కాలువ మాత్రం దాదాపు సమమట్టంగా సాగుతుంది. కొంత దూరం పోయేసరికి రెండింటి మధ్య నాలుగైదు అడుగుల ఎత్తు తేడా వస్తుంది. అక్కడ చక్రం పెట్టి నీళ్ళను దాని మీదికి వదులుతారు. చక్రాన్ని తిప్పిన నీళ్ళు మళ్ళీ ఏట్లోకి. వాటినే కాస్త దిగువన ఇంకో మర పట్టుకుంటుంది. అలా కొండ మీది నీళ్ళు సముద్రం చేరేలోపు గోధుమను పిండి చేసి, ఓట్లను దంచి, ఉన్నిబట్టను తొక్కి, చింకిగుడ్డల్ని గుజ్జు చేసి వెళ్ళేవి.

ఇంతమంది ఒక్క ఏటి మీద బతుకుతున్నప్పుడు నీళ్ళు తగ్గితే అందరికీ ఇబ్బందే. 19వ శతాబ్దంలో ఎడిన్‌బరా జనాభా పెరిగి, నగరానికి తాగునీళ్ళ కోసం పెంట్లాండ్ ఊటల వైపు చూశారు. ఊటలు పైపుల్లోకి పోతే మా చక్రాల గతేమిటని మరల యజమానులు అడిగారు. దానికి బదులుగా కట్టినవే బలర్నో పైన ఉన్న త్రైప్‌మ్యూర్, హార్లా జలాశయాలు. 1840ల్లో కట్టారు. జనం తాగడానికి కాదు, మరలకు చెల్లించాల్సిన నీటిబాకీ తీర్చడానికి. వానల్లో నిలవచేసి, ఎండాకాలంలో కొలిచి వదిలేవారు. ఈ ఏటి పారకాన్నే మరలు తమకు కావలసినట్టు మలుచుకున్నాయంటే అతిశయోక్తి కాదు. ఇప్పటికీ ఏటి పొడుగునా కనిపించే చిన్నచిన్న జలపాతాల్లో చాలావరకు పాత మరల అడ్డకట్టలే.

మఠం వారి మర

పేర్లలో పాతది కానన్‌మిల్స్. 1128లో స్కాట్లాండ్ రాజు ఒకటో డేవిడ్ హోలీరూడ్ మఠాన్ని నెలకొల్పి, అగస్టీనియన్ సంప్రదాయానికి చెందిన మతగురువులకు అప్పగించాడు. ఆ గురువుల్ని కానన్లు అంటారు. మఠానికి రాసిచ్చిన ఆస్తుల్లో ఈ ఏటి మీది మరలూ ఉన్నాయి. కానన్ల మరలున్న చోటు కానన్‌మిల్స్ అయింది. మఠం ఇప్పుడు పైకప్పు లేని శిథిలం. మర జాడే లేదు. పేరు మాత్రం దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు నడిచొచ్చి బస్సుల బోర్డు మీదికెక్కింది.

మఠానికి మర ఇవ్వడమంటే రాళ్ళూ చక్రమూ ఇవ్వడం మాత్రమే కాదు. ఆ ఎస్టేటులో బతికేవాళ్ళందరి గింజల మీద హక్కు ఇవ్వడం. దాన్ని థర్లేజ్ అనేవారు. ఫలానా భూమి మీద ఉన్న రైతు తన ధాన్యాన్ని ఫలానా మరలోనే ఆడించాలి. పక్కనే ఇంకో మర ఉన్నా, అక్కడ కూలి తక్కువైనా పోకూడదు. ఆడించినందుకు గింజల్లో ఒక వంతు మరకు కొలిచి ఇవ్వాలి. దాని పేరు మల్చర్. అంతటితో అయిపోదు. మర కాలువలో పూడిక తీయడం, కొత్త మరరాయి వస్తే దాన్ని దొర్లించుకు రావడం కూడా రైతుల పనే. ఇంట్లో తిరగలి పెట్టుకుని గుట్టుగా విసురుకున్నా తప్పే. స్కాట్లాండ్ పల్లెల్లో మరవాడంటే రైతులకు కిట్టకపోవడానికి ఇదొక పెద్ద కారణం. మనిషి చెడ్డవాడు కాకపోయినా అతను కూర్చున్న చోటు అలాంటిది. ఈ కట్టుబాటును డబ్బు చెల్లించి వదిలించుకునే వీలు కల్పిస్తూ 1799లో చట్టం వచ్చింది. ఆ తర్వాతే అది మెల్లగా కరిగిపోయింది.

మరల గురించి రాసేటప్పుడు చక్రం చప్పుడు, పిండి వాసన, ఒడ్డున పూలమొక్కలు అంటూ మురిసిపోవడం సులువు. ఆ చప్పుడు వింటూ వరుసలో నిలబడ్డ రైతుకు తన మూటలోంచి ఎంత పోతుందన్న లెక్కే ముఖ్యం.

రొట్టెలు కాల్చేవారి లోయ

ప్రిన్సెస్ స్ట్రీట్ నుంచి పడమరగా పదిహేను నిమిషాలు నడిస్తే రోడ్డు చటుక్కున లోయలోకి దిగిపోతుంది. అదే డీన్ విలేజ్. డీన్ అన్నా లోతైన లోయ అనే. ఇక్కడ ఒక దశలో పదకొండు మరలుండేవని చెబుతారు. ఎడిన్‌బరా నగరం తిన్న రొట్టెకు పిండి ఎక్కువగా ఇక్కడి నుంచే వెళ్ళేది. దీనిమీద పెత్తనం బాక్‌స్టర్లది. అంటే రొట్టెలు కాల్చేవారి సంఘానిది. బాక్‌స్టర్, పిండి ఆడించే మిల్లర్, బట్ట తొక్కే వాకర్, ఈ మూడూ తర్వాత ఇంటిపేర్లయి ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

లోయ అడుక్కి దిగే బెల్స్ బ్రే వాలు చివర ఆ సంఘం 1675లో కట్టుకున్న ధాన్యపు కొట్టు ఇంకా నిలబడే ఉంది. దాని గోడలో చెక్కిన రాయి ఒకటి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే రెండు పొడవాటి పారల్లాంటివి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి ఉంటాయి. అవి పొలం పారలు కావు. మండుతున్న పొయ్యి లోపలికి రొట్టెల్ని తోసి, కాలాక బయటికి లాగే కర్ర పలకలు. యుద్ధవీరుల ఇళ్ళ ముందు కత్తుల్ని ఎలా చెక్కుకుంటారో వీళ్ళు తమ పనిముట్టును అలా చెక్కించుకున్నారు. ఎంత నిబ్బరం! ఎడిన్‌బరాలో ఉన్న అన్ని రాజచిహ్నాల కన్నా ఈ ఒక్క రాయి విలువైనదని నా అభిప్రాయం.

అక్కడి నుంచి ఏటి వెంట నాలుగడుగులు వేస్తే మిల్లర్ రో. లిండ్సే మర ఉన్న చోటది. ఆ మర గుర్తుగా మూడు మరరాళ్ళు ఒడ్డున పెట్టారు. ఇంకాస్త పైన 1805 నాటి వెస్ట్ మిల్ నాలుగైదు అంతస్తుల ఎత్తున ఉంది. దాన్ని ఫ్లాట్లుగా మార్చారు.

ఈ లోయను దెబ్బతీసినవి రెండు. ఒకటి వంతెన. 1830ల మొదట్లో థామస్ టెల్‌ఫర్డ్ ఏటికి 106 అడుగుల ఎత్తున డీన్ బ్రిడ్జి కట్టాడు. అంతవరకు ఉత్తరంవైపు వెళ్ళే ప్రతి బండీ లోయలోకి దిగి ఎక్కాల్సిందే. వంతెన వచ్చాక బళ్ళు నెత్తిమీద నుంచే వెళ్ళిపోయాయి. రెండోది ఆవిరి. ఓడల మీద అమెరికా గోధుమ లీత్ రేవులో దిగడం మొదలయ్యాక లోయలోని నీటిమర దాకా దాన్ని మోసుకురావడం ఎవరికీ గిట్టలేదు. 1890ల్లో సహకార సంఘాల వారు దిగువన బానింగ్టన్ దగ్గర చాన్స్‌లాట్ అనే పెద్ద పిండి మిల్లు పెట్టారు. అందులో రాళ్ళు లేవు, ఉక్కు రోలర్లే. డీన్ లోయలో పని తగ్గి ఇళ్ళు శిథిలమయ్యాయి. ఆ మిల్లు రాకముందే, 1880ల్లో స్కాట్స్‌మన్ పత్రిక యజమాని జాన్ రిచీ ఫిండ్లే కూలీల కోసం వెల్ కోర్ట్ అనే ఇళ్ళ సముదాయం కట్టించాడు. ఎర్రరాతి గోడలతో, గడియారం గోపురంతో ఉండే ఆ భవనం ఫొటోలే ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ నిండా. కూలీల కోసం కట్టిన ఇళ్ళని ఆ ఫొటోల కింద ఎవరూ రాయరు.

చింకిగుడ్డ నుంచి తెల్లకాగితం

స్కాట్లాండ్‌లో మొదటి కాగితం మర ఈ ఏటి మీదే మొదలైంది. 1590లో డాల్రీ దగ్గర మంగో రసెల్ అనే వ్యాపారి జర్మన్ పనివాళ్ళను తెచ్చి పెట్టించాడు. తర్వాతి శతాబ్దాల్లో కాగితం పని ఏటికి ఎగువన బలర్నో, కరీ, కోలింటన్ వైపు విస్తరించింది. కారణం ఉంది. కాగితానికి చక్రం తిప్పే బలంతో పాటు మంచినీళ్ళు కావాలి. మురికినీళ్ళతో తెల్లకాగితం రాదు.

అప్పట్లో కాగితానికి ముడిసరుకు కట్టెగుజ్జు కాదు, చిరిగిన నారబట్టలు. పట్నంలో ఏరుకొచ్చిన గుడ్డల మూటలు మరకు చేరేవి. అక్కడ ఆడవాళ్ళు బల్లల ముందు నిలబడి, నిలువుగా బిగించిన కత్తులకు గుడ్డను ఆనించి ముక్కలుగా కోసేవారు. గుండీలు, కుట్లు ఊడదీసేవారు. తెల్లవి, రంగువి, ముతకవి వేరుచేసేవారు. ఎవరు కట్టి విడిచిన గుడ్డలో, ఏ జబ్బుతో పోయినవాళ్ళవో. ఆ దుమ్మంతా వాళ్ళ ఊపిరితిత్తుల్లోకే. తర్వాత గుడ్డముక్కల్ని ఉడకబెట్టి, నీటిచక్రంతో నడిచే రోకళ్ళ కింద పెట్టి గుజ్జు చేసేవారు. ఆ గుజ్జు తొట్టిలో పనివాడు సన్నని తీగల వల బిగించిన చట్రం ముంచి ఎత్తి, అటూ ఇటూ ఒక్కసారి కదిపేవాడు. ఆ కదుపులోనే పోగులు అల్లుకుని కాగితం పుడుతుంది. ఒక రవ్వ ఎక్కువ కదిపినా, తక్కువ కదిపినా మందం తేడా వస్తుంది. పక్కన ఇంకొకడు తడి కాగితాన్ని ఉన్ని గుడ్డ మీదికి బోర్లించేవాడు. దొంతర అయ్యాక మరలో బిగించి నీరు పిండి, అటక మీద ఆరబెట్టేవారు. సిరా చెదరకుండా తోళ్ళు కాచిన జిగురులో ముంచేవారు.

యంత్రాలు వచ్చాక గుడ్డలు చాలలేదు. 1860ల నుంచి స్కాట్లాండ్ మిల్లులు స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా దేశాల నుంచి ఎస్పార్టో అనే గడ్డిని ఓడల్లో తెప్పించుకున్నాయి. కరీ దగ్గర కిన్లీత్ మిల్లు వందల మందికి పనిచ్చే స్థాయికి పెరిగింది. ఈ మిల్లుల కోసమే 1874లో బలర్నోకు రైలు వేశారు. ప్రయాణికుల బళ్ళు 1943లో ఆగిపోయినా సరుకు బళ్ళు 1967 దాకా నడిచాయి. కిన్లీత్ 1960ల్లోను, బలర్నో మిల్లు 1970ల మొదట్లోను మూతపడ్డాయి. ఆ రైలుకట్టే ఇవాళ జనం షికారుకు వెళ్ళే కాలిబాట.

ముక్కుపొడి తెచ్చిన బడి

కోలింటన్ దిగువన స్పైలా హౌస్ అనే అందమైన రాతి ఇల్లు ఉంది. జేమ్స్ గిల్లెస్పీ అనే ముక్కుపొడి వ్యాపారి 1773లో కట్టుకున్నాడు. ఇంటి వెనకభాగంలోనే నస్యం దంచే మర. అన్న మర చూసుకుంటే తమ్ముడు జాన్ ఎడిన్‌బరా హై స్ట్రీట్‌లో కొట్టు చూసుకునేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పొగాకు ధర ఆకాశానికంటినప్పుడు నిలవ ఉంచుకున్న సరుకు వీళ్ళకు కలిసొచ్చింది. జేమ్స్ గుర్రబ్బండి కొన్నప్పుడు, జనం ముక్కులే ఈ బండిని కొనిపెట్టాయని లాయరు హెన్రీ ఎర్స్‌కిన్ విసిరిన చెణుకు ఊరంతా పాకింది.

పెళ్ళి చేసుకోని జేమ్స్ 1797లో చనిపోతూ ఆస్తిని ముసలివాళ్ళ ఆశ్రమానికి, పేదపిల్లల ఉచిత బడికి రాసిపోయాడు. 1803లో మొదలైన ఆ బడి నేటికీ జేమ్స్ గిల్లెస్పీ పేరుతోనే నడుస్తోంది. నవలా రచయిత్రి మ్యూరియల్ స్పార్క్ అక్కడే చదువుకుంది. ఆ బడి జ్ఞాపకాల్లోంచే 1961లో 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ' నవల వచ్చింది.

గిల్లెస్పీ పేరు బడి మీద నిలిచింది. ఆ పొగాకు ఎక్కడిదన్నది మాత్రం ఏ పేరులోనూ లేదు. అప్పట్లో స్కాట్లాండ్‌కు వచ్చిన పొగాకు ప్రధానంగా వర్జీనియా తోటలది. దాన్ని పండించినవాళ్ళు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. గిల్లెస్పీ దానం నిజమైనదే. ఆ దానానికి మూలధనం పెట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారన్నదీ అంతే నిజం.

మిగతా పేర్లు

సిల్వర్‌మిల్స్ స్టాక్‌బ్రిడ్జ్ పక్కన ఒక చిన్న పేట. 1606లో లిన్లిత్‌గో దగ్గర హిల్డర్‌స్టన్‌లో వెండి గని బయటపడింది. ఆ ఖనిజాన్ని ఇక్కడికి తెచ్చి శుద్ధిచేశారన్నది తరతరాలుగా వినిపించే మాట. పౌడర్‌హాల్‌లో 17వ శతాబ్దం చివర తుపాకి మందు చేశారు. స్లేట్‌ఫర్డ్ దగ్గరి ఇంగ్లిస్ గ్రీన్ నేసిన నారబట్టను తడిపి, పచ్చిక మీద ఎండకు పరిచి తెల్లబరిచిన మైదానం. ఇప్పుడక్కడ సూపర్ మార్కెట్, దాని కార్ పార్కింగు.

టాన్‌ఫీల్డ్ తోళ్ళు ఊనిన చోటు. అక్కడి హాలుకు ఇంకో చరిత్ర ఉంది. చర్చి పాస్టర్లను జమీందార్లు నియమించడాన్ని వ్యతిరేకిస్తూ 1843 మే 18న వంద మందికి పైగా పాస్టర్లు జార్జ్ స్ట్రీట్‌లోని సభ నుంచి లేచి, వరుసగా వాలు దిగి ఈ హాలుకు నడిచొచ్చారు. జీతాలు, ఇళ్ళు వదులుకుని ఫ్రీ చర్చిని స్థాపించారు. ఊరి మర్యాదస్తులు ముక్కు మూసుకునే మరల పేటలో అంత పెద్ద నిర్ణయం జరగడం నాకు సమంజసంగానే అనిపిస్తుంది.

కోలింటన్ లోయలో కేట్స్ మిల్ అని ఒక కాగితం మర ఉండేది. మొదట అది బట్ట తొక్కే మర. జాన్ బాల్ఫర్ దాన్ని కాగితానికి మార్చాక భార్య కేట్ పేరు పెట్టాడు. మర కాలిపోయింది కానీ రోడ్డుకు ఆ పేరు ఉండిపోయింది. ఈ ఏటి మరలన్నిటిలో నాకు తెలిసి ఆడమనిషి పేరున్నది ఇదొక్కటే. అదీ యజమాని భార్యది. తరాల తరబడి గుడ్డలు కోసిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ ఏ సందుకూ దక్కలేదు.

మురికి, వరద, మళ్ళీ చక్రం

మరలు, తోళ్ళ షెడ్లు, మరుగుదొడ్లు అన్నీ ఏట్లోకే వదిలేవి. 19వ శతాబ్దానికి దిగువ ఏరు కంపుకొట్టే మురుగుకాలువ అయింది. 1889లో ప్రత్యేక చట్టం తెచ్చి, ఏటి వెంట మురుగు పైపులు వేశాకే నీళ్ళు తేరుకోవడం మొదలైంది. అంతకు ముందు, రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ చిన్నతనంలో సెలవులు గడిపింది కోలింటన్ ఒడ్డునే. తాత లూయిస్ బాల్ఫర్ అక్కడి పాస్టరు. 1885లో అచ్చయిన అతని పిల్లల గేయాల పుస్తకంలో ఒక మర మీద గేయం ఉంది. కోలింటన్‌లో పాత రైలు సొరంగం గోడల నిండా ఇప్పుడు అతని రైలు గేయానికి బొమ్మలు వేశారు. స్థానికులు, బడిపిల్లలు కలిసి చేసిన పని అది.

ఏరు కోపగించిన రోజులూ ఉన్నాయి. 2000 ఏప్రిల్‌లో వచ్చిన వరదకు స్టాక్‌బ్రిడ్జ్, రోజ్‌బర్న్ వైపు వందల ఇళ్ళు మునిగాయి. తర్వాత చేపట్టిన వరద నివారణ పథకంలో ఒడ్డున గోడలు కట్టడంతో పాటు ఎగువ జలాశయాల్లో వాననీటిని ఆపే ఏర్పాటు చేశారు. మర యజమానుల బాకీ తీర్చడానికి కట్టిన చెరువులకు అలా ఊరిని కాచే పని దొరికింది.

అడ్డకట్టల మీద మాత్రం తగువు తీరలేదు. అవి చేపలు ఎగువకు ఈదిపోకుండా ఆపుతున్నాయని కొందరు, పాత కట్టడాలు కాబట్టి ఉంచాలని మరికొందరు. కొన్నిచోట్ల చేపలు ఎక్కడానికి మెట్లు కట్టారు. నన్నడిగితే, చరిత్ర చెప్పగల కట్టల్ని మెట్లు కట్టి ఉంచి, పనికిరాని వాటిని తీసెయ్యడమే మంచిది.

2015లో బలర్నో వాసులు సొంతంగా సహకార సంఘం పెట్టుకుని, వాటాలు అమ్మి డబ్బు పోగుచేసి, హార్లా జలాశయం గట్టు కింద చిన్న జలవిద్యుత్ కేంద్రం ప్రారంభించారు. మిగిలిన ఆదాయం ఊరి పనులకు. దిగువన సాటన్ పార్కులో నగరపాలక సంస్థ ఏటి ఒడ్డునే పెద్ద ఇనుప మర చుట్టు అమర్చింది. ఎగువ నుంచి వదిలిన నీళ్ళు దాని మెలికల మీదుగా జారుతూ దాన్ని తిప్పుతాయి. ఆ కరెంటు పార్కుకే వాడుతున్నారు. బలర్నో నుంచి లీత్ దాకా కాలిబాట ఇరవై కిలోమీటర్లు. ఓపిక ఉన్నవాళ్ళు ఒక రోజులో నడవొచ్చు. లేనివాళ్ళు కోలింటన్‌లో మొదలుపెట్టి డీన్ విలేజ్ దాకా నడిచి, రొట్టెలవాళ్ళ రాయి చూసి బస్సెక్కవచ్చు.